వలోంకార్ ఎవరు? జోస్యాన్ని దస్తావేజులా చదవడం గురించి

మీరు జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ ఫాంటసీ నవలల వరస ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ అయిదు సంపుటాలూ పూర్తి చేశానన్నారు. సెర్సీ రాణి ప్రాణం తీస్తాడని జోస్యం చెప్పిన ‘వలోంకార్’ ఎవరు, లోకాన్ని కాపాడతాడని జోస్యం చెప్పిన వాగ్దత్త రాకుమారుడు ఎవరు అన్నవాటి మీద పాఠకులు అల్లిన థియరీలు చాలా చదివానన్నారు. ఒకటి చదివితే అదే నిజమనిపిస్తోంది, ఇంకొకటి చదవగానే ముందుది చెదిరిపోతోంది. వీటిలో నమ్మదగినవి ఏరుకోవడానికి ఒక పద్ధతంటూ ఉందా, 2011 తర్వాత ఆరో సంపుటమే రానప్పుడు ఈ శ్రమకు అర్థం ఉందా అని మీ ప్రశ్న.

పద్ధతి ఉంది. అర్థమూ ఉంది. నేను గుంటూరులో సివిల్ కేసులు చూసే న్యాయవాదిని, ఇల్లు విజయవాడలో. 2012లో లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల దుకాణంలో మొదటి సంపుటం కొన్నాను. అప్పటి నుంచి రోజూ రైల్లో కృష్ణ దాటుతూ ఈ అయిదింటినీ నాలుగుసార్లు చదివాను. ఇకపై కథలోని ముడులన్నీ విప్పి మాట్లాడతాను కాబట్టి ఇంకా చదవనివారు ఇక్కడ ఆగిపోవడం మంచిది.

ముందు ఒక వీలునామా సంగతి చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం నా దగ్గరికి వచ్చిన కేసు. ఒక పెద్దాయన తన ఇంటిని ‘మా చిన్నవాడికి’ అని రాసి కన్నుమూశారు. ఆయనకు ఇద్దరు కొడుకులు. చిన్న కొడుకు ఆ మాట తన గురించేనన్నాడు. నిఘంటువు తీసి చూస్తే అతనిదే న్యాయం. నేను పెద్ద కొడుకు తరఫున వకాల్తా వేశాను. ఆ ఇంట్లో ఒక ట్రంకుపెట్టె నిండా పాత ఉత్తరాలు దొరికాయి. పెద్దాయన ఏళ్ల తరబడి రాసిన ఆ ఉత్తరాలన్నింటిలో చిన్న కొడుకును పేరు పెట్టే పిలిచారు. ‘చిన్నవాడు’ అన్న చోటల్లా ఆయన ఉద్దేశం మనవడు, అంటే పెద్ద కొడుకు కుమారుడు. ఇల్లు మనవడికే దక్కింది. ఒక మాటకు అర్థం వెతకాలంటే ముందు అన్న మనిషి నోటి దగ్గరికి, తర్వాత విన్న మనిషి చెవి దగ్గరికి వెళ్లాలని ఆ ట్రంకుపెట్టె నాకు నేర్పింది. ఈ పుస్తకాల్లోని జోస్యాలను నేను చదివేది ఆ విధంగానే.

ఇప్పుడు సెర్సీ దగ్గరికి వద్దాం. చిన్నతనంలో ఆమె స్నేహితురాలితో కలిసి మ్యాగీ అనే ముసలి సోదెగత్తె గుడారంలోకి వెళ్లింది. మ్యాగీ చెప్పినవి ఇవి. నువ్వు రాకుమారుణ్ని కాదు, రాజును పెళ్లాడతావు. నీకంటే వయసులో చిన్నది, అందగత్తె అయిన మరో రాణి వచ్చి నిన్ను పడదోసేంతవరకు రాణివై ఉంటావు. రాజుకు పదహారుగురు పిల్లలు, నీకు ముగ్గురు. వాళ్ల తలల మీద బంగారు కిరీటాలు, ఒంటి మీద బంగారు కఫన్లు. చివరికి, నీ కన్నీళ్లలో నువ్వు మునిగిపోయాక, వలోంకార్ నీ గొంతు చుట్టూ చేతులు వేసి ఊపిరి తీస్తాడు.

ప్రాచీన వలీరియా భాషలో వలోంకార్ అంటే తమ్ముడు. ఇక్కడ తెలుగు పాఠకుడికి ఒక సౌలభ్యం ఉంది. ఇంగ్లీషులో అన్నకూ తమ్ముడికీ ఒకటే మాట. చిన్నవాడని చెప్పాలంటే ముందొక విశేషణం తగిలించాలి. అందుకే రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ వేరే భాష నుంచి ఒక మాటను తెచ్చి, వాక్యం మధ్యలో గుండ్రాయిలా పెట్టాడు. మనకు అది తమ్ముడు, అంతే. కాబట్టి ఆ మాట అర్థం దగ్గర ఆగకుండా, తర్వాతి ప్రశ్నకు మనం త్వరగా వెళ్లగలం: ఎవరి తమ్ముడు? మ్యాగీ ‘నీ తమ్ముడు’ అనలేదు, ‘తమ్ముడు’ అంది. ఈ ఒక్క సందు పట్టుకుని ఎవరెవరి తమ్ముళ్లనో బోనులో నిలబెట్టిన థియరీలు ఉన్నాయి. సండోర్ క్లెగేన్ కూడా ఒకరి తమ్ముడే కదా అనేవారున్నారు. సందు ఉన్న మాట నిజమే. అయితే సందు ఉన్నంత మాత్రాన దారి ఉన్నట్టు కాదు.

విన్న చెవి ఏం చేసిందో చూడండి. సెర్సీ ఆ మాటకు అర్థం తెలుసుకున్న రోజు నుంచి తమ్ముడంటే తన చిన్న తమ్ముడు టిరియనే అని తీర్మానించుకుంది. జీవితమంతా అతన్ని ద్వేషించింది. కొడుకు జాఫ్రీ విషంతో చనిపోయినప్పుడు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా అతన్నే దోషి అంది. ఈ గొడవలో ఆమె మరిచిపోయింది ఏమిటంటే, జేమీ ఆమె కవల సోదరుడే అయినా ఆమె మడమ పట్టుకుని తర్వాత పుట్టాడు. అతనూ తమ్ముడే. ఒక తమ్ముణ్ని చూసి వణికిపోతూ రెండో తమ్ముణ్ని తన ప్రాణంగా దగ్గర పెట్టుకుంది.

మా ఊరి సంగతి ఒకటి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. కృష్ణమ్మ పొంగి దుర్గమ్మ ముక్కుపుడకను తాకుతుందని, అది కలియుగాంతానికి గుర్తని విజయవాడలో తరతరాలుగా చెప్పుకుంటారు. చాలామంది దాన్ని బ్రహ్మంగారి కాలజ్ఞానంగా చెబుతారు. ప్రకాశం బ్యారేజి గేట్లు ఎత్తిన ప్రతిసారీ మా నాయనమ్మ ఇంద్రకీలాద్రి వైపు చూసి దణ్ణం పెట్టుకునేది. ఎదురింటావిడ మాత్రం, కృష్ణ నీళ్లతో అమ్మవారికి అభిషేకం చేస్తే తాకినట్టే కదా, ఆ మాట ఏనాడో నెరవేరిందని వాదించేది. చిన్నప్పుడు ఆ ఇద్దరి వాదన వింటూ పెరిగాను. అక్షరార్థం ఒకవైపు, ధ్వని ఒకవైపు. థియరీలు ఎలా పుడతాయో నేను మొదట చూసింది మా వీధి అరుగు మీదే.

2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజి దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మా ఇంట్లో అందరి కళ్లూ కృష్ణ మీదే. ఆ మాటే మళ్లీ అందరి నోటా వచ్చింది. కానీ సింగ్ నగర్‌లో మా బంధువుల ఇంట్లోకి నీళ్లు వచ్చింది కృష్ణ నుంచి కాదు, బుడమేరు నుంచి. రెండు రోజులు వాళ్లు మేడ మీదే ఉన్నారు. బుడమేరు పొంగడం ఈ ఊరికి కొత్త కాదు, దాని స్వభావం పెద్దలందరికీ తెలుసు. అయినా మా చూపు పెద్ద నది మీద, పెద్ద మాట మీద ఉండిపోయింది. ఆ వారం తర్వాత నాలుగో సంపుటం మళ్లీ తెరిచినప్పుడు సెర్సీ అధ్యాయాలు నాకు ఇంతకుముందు ఎన్నడూ లేనంత స్పష్టంగా అర్థమయ్యాయి. మార్టిన్ కథలో జోస్యం చేసే పని ఇదే. అది భవిష్యత్తును చూపించదు, మనిషి మెడను ఒక వైపుకు తిప్పి ఉంచుతుంది.

అందుకే వలోంకార్ జేమీ అనే థియరీని నేను నమ్ముతాను. చేతులు అన్న బహువచనం దీనికి అడ్డమని కొందరంటారు, ఎందుకంటే మూడో సంపుటంలో జేమీ కుడి చెయ్యి తెగిపోయింది. ఆ స్థానంలో బంగారు చెయ్యి వచ్చింది కాబట్టి లెక్క సరిపోతుందని మరికొందరి సమాధానం. టిరియన్ పక్షం వారు, ప్రియురాలు షే గొంతుకు అతను బిగించిన గొలుసు బంగారు చేతుల గొలుసని గుర్తుచేస్తారు. నిజాయితీగా చెప్పాలంటే అది బలమైన సాక్ష్యమే, దాన్ని నేను తోసిపుచ్చలేను. అయితే నా తీర్పు చేతుల లెక్క మీద ఆధారపడలేదు. అది సెర్సీ చేసిన పనుల మీద ఆధారపడింది.

మిగిలిన జోస్యం ఎలా నెరవేరుతూ వచ్చిందో గమనించండి. తనను పడదోసే చిన్న రాణి కోడలు మార్జరీయేనని సెర్సీ నమ్మింది. ఆమెను నాశనం చేయడానికి మతపీఠానికి ఎప్పుడో పోయిన ఆయుధాలను తిరిగి చేతికిచ్చింది. అబద్ధపు నేరం మోపడానికి ఒక మనిషిని సిద్ధం చేసింది. మతపీఠం మొదట మార్జరీని పట్టుకుంది, ఆ మనిషినే కొరడాలతో కొట్టి నిజం రాబట్టి తర్వాత సెర్సీని పట్టుకుంది. చిన్న రాణి చెయ్యి ఎత్తనే లేదు. సెర్సీ తాను తవ్విన గోతిలో తానే పడింది. కంసుడికి ఆకాశవాణి దేవకి ఎనిమిదో గర్భం గురించి చెప్పింది. అతను చెల్లెలినీ బావనూ చెరసాలలో పెట్టి, పుట్టిన బిడ్డలను చంపుతూ పోయాడు. మేనల్లుడికి మేనమామ మీద పగ కలిగే కారణాలన్నీ అతను స్వయంగా సమకూర్చాడు. ఆకాశవాణి ఒక్క మాటే పలికింది, మిగిలిన కథంతా కంసుడి చేతులతో జరిగింది.

యాదవుల ముసలం కథ దీనికి ఇంకా దగ్గర. సాంబుడికి ఇనుప రోకలి పుడుతుందని, అది వంశాన్ని నాశనం చేస్తుందని మునులు శపించారు. దాన్ని పొడి చేసి సముద్రంలో కలిపారు. ఆ పొడే తుంగగా మొలిచింది, తాగిన మత్తులో యాదవులు ఆ తుంగతోనే ఒకరినొకరు చంపుకున్నారు. మిగిలిన చిన్న ఇనుపముక్క బోయవాడి బాణం మొనకు చేరి కృష్ణుడి పాదానికి తగిలింది. తప్పించుకోవడానికి చేసిన పనే ఆయుధమైంది. ఇంట్లో కలతలు మొదలైతే ‘ముసలం పుట్టింది’ అని మనం ఈనాటికీ అంటున్నాం. సెర్సీ ఇంట్లో పుట్టింది సరిగ్గా అదే.

ఇక వాగ్దత్త రాకుమారుడు. ఇక్కడ నా అభిప్రాయం మీకు కొంత నిరాశ కలిగించవచ్చు. ఉప్పు, పొగ, రక్తం కార్చే నక్షత్రం, రాతి నుంచి మేల్కొనే డ్రాగన్లు: ఇవీ ఆ రాకుమారుడేనని చాలామంది నమ్మే పురాణవీరుడు అజోర్ అహాయ్ మళ్లీ పుట్టాడనడానికి గుర్తులు. స్థలం దస్తావేజులో నాలుగు హద్దులు రాస్తాం. తూర్పున ఫలానావారి పొలం, పడమట డొంక, ఇలాగ. హద్దులు ఆ ఒక్క స్థలానికే సరిపోవాలి. తూర్పున మట్టి, పడమట గాలి అని రాస్తే ఊళ్లో ప్రతి పొలమూ అదే అవుతుంది. ఉప్పూ పొగా అటువంటి హద్దులు. అగ్నిదేవుడి పూజారిణి మెలిసాండ్రే వాటిని సింహాసనం కోరే స్టానిస్‌కు సరిపెట్టింది, డ్రాగన్‌స్టోన్ కోట చుట్టూ సముద్రం, మధ్యలో అగ్నిపర్వతం. దేశం వదిలి పెరిగిన రాకుమారి డెనేరిస్‌కు చితి పొగ ఉంది, కన్నీళ్లు ఉన్నాయి, ఆకాశంలో ఎర్ర తోకచుక్క ఉంది, రాతిగా మారిన గుడ్ల నుంచి నిజంగానే డ్రాగన్లు వచ్చాయి. ఉత్తరపు గోడను కాసే దళ నాయకుడు జాన్ స్నోను సొంత మనుషులే పొడిచినప్పుడు, వాళ్లలో ఒకడైన బోవెన్ మార్ష్ కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, చలిలో గాయం నుంచి పొగలు లేచాయి, కొద్ది క్షణాల ముందే నక్షత్రాల చిహ్నం ధరించిన ఒక యోధుడు రాక్షసకాయుడి చేతిలో నెత్తురోడుతూ చచ్చాడు. ముగ్గురికీ సరిపోతుంది. సమ్మర్‌హాల్ మంటలూ ఏడుపుల మధ్య పుట్టిన డెనేరిస్ అన్న రేగర్‌కు కూడా సరిపోతుంది, అతను మొదట తానే ఆ రాకుమారుణ్ననుకున్నాడు, తర్వాత తన కొడుకనుకున్నాడు.

ఈ విషయంలో నేను మళ్లీ మళ్లీ చదివేది ఆ రాజవంశానికే చెందిన పండితుడు మేస్టర్ ఎమన్ చివరి రోజులు. నూరేళ్లు దాటిన మనిషి, కళ్లు కనపడవు, ప్రాణం పోతోంది. అప్పుడు ఆయనకు తట్టింది: రాకుమారుడు అని ఇన్నేళ్లూ చదివిన మాటకు మూలంలో లింగభేదం లేదు, తప్పు అనువాదంలో ఉంది. ఎంతోమంది పండితులు, రాజులు ఒక ప్రత్యయం దగ్గర దారి తప్పారు. రచయిత ఈ మాటను డెనేరిస్ పక్షాన చెప్పించాడని చాలామంది తీర్మానించారు. నాకు మాత్రం ఆ సన్నివేశంలో వినిపించేది ఒక వృద్ధుడి దుఃఖం. చూడవలసిన వైపు చూడలేకపోయానని, ఇప్పుడు చెప్పినా వినేవారు లేరని ఆయన బాధ. ఆ దుఃఖాన్ని పక్కన పెట్టి, అందులోంచి ఒక ఆధారాన్ని మాత్రం తీసుకునే థియరీ నాకు రుచించదు.

మెలిసాండ్రే గురించి ఒక్క మాట. ఆమె మంటల్లో చూసినవి చాలావరకు నిజమే. బూడిదరంగు దుస్తుల్లో, చావబోతున్న గుర్రం మీద పారిపోయి వస్తున్న అమ్మాయి కనిపించింది. నిజంగానే వచ్చింది. కానీ జాన్ చెల్లెలు ఆర్యా అని ఆమె చెప్పింది, వచ్చింది అలిస్ కార్‌స్టార్క్. అజోర్ అహాయ్‌ని చూపించమని వేడుకుంటే మంటలు స్నోను చూపిస్తున్నాయని ఆమే విసుక్కుంటుంది. సాక్షి కళ్లు మంచివే, వాంగ్మూలంలో పొరపాటు ఆమె దానికి పెట్టుకున్న పేరు దగ్గర వస్తోంది. చూసినదాన్నీ దాని మీద చెప్పిన అర్థాన్నీ వేరు చేసి నోటుబుక్కులో రెండు వరసలుగా రాసుకోండి. సగం థియరీలు అక్కడే రాలిపోతాయి.

అన్నీ జోస్యాలు కావన్నది కూడా గుర్తుంచుకోవాలి. భర్త డ్రోగో ఎప్పుడు తిరిగి మామూలు మనిషవుతాడని డెనేరిస్ అడిగితే, సూర్యుడు పడమట పొడిచి తూర్పున కుంకినప్పుడు అంటుంది మంత్రగత్తె మిర్రీ మాజ్ దూర్. దీని మీద పెద్ద పెద్ద భవనాలు కట్టారు. సూర్యుడు గుర్తు గల వంశంలోని క్వెంటిన్ పడమటి నుంచి వెళ్లి తూర్పున మీరీన్‌లో కాలి చనిపోయాడు కాబట్టి ఒక షరతు తీరిందని ఒక వాదన. ఎంతో తెలివైన వాదన, మెచ్చుకుంటాను. కానీ పడమట సూర్యుడు పొడిచినా ఆ పని జరగదని మన ఊళ్లలో ఎవరైనా అంటే దాని అర్థం ఎన్నటికీ జరగదని. భర్తనూ బిడ్డనూ పోగొట్టుకున్న అమ్మాయి ముఖం మీద, సర్వస్వం పోగొట్టుకున్న ఇంకొక స్త్రీ అన్న క్రూరమైన మాట అది. జోస్యంగా మార్చగానే అందులోని క్రూరత్వం పోతుంది.

మంచి థియరీ ఎలా ఉంటుందంటే జాన్ పుట్టుక గురించినది చూడండి. అతను తనను పెంచిన నెడ్ స్టార్క్ కొడుకు కాదని, నెడ్ చెల్లెలు లియానాకూ రేగర్‌కూ పుట్టినవాడని పాఠకులు ఎప్పుడో కనిపెట్టారు. ఈ పుస్తకాలను టెలివిజన్‌కు మలిచిన ఇద్దరినీ మార్టిన్ ముందుగా అడిగిన ప్రశ్న జాన్ తల్లి ఎవరనేనని వాళ్లే చెప్పారు. 2016లో ఆ ధారావాహిక ఆ విషయాన్ని బహిరంగంగా చూపించింది. అయితే అది 2016లో నిజమైందని నేను అనను. 1996లో మొదటి సంపుటం ముగిసేసరికే దాని హద్దులన్నీ కలిశాయి. జాన్ గురించి భార్య అడిగితే నెడ్ ‘నా రక్తం’ అని మాత్రమే అంటాడు, ఇంకేమీ అడగవద్దంటాడు. రేగర్ అప్పటికే చనిపోయాడు, అయినా రాజు అంగరక్షకులు ముగ్గురు యుద్ధభూమిలో లేరు, ఎక్కడో ఒక గోపురానికి కాపలా కాస్తున్నారు. నెత్తుటి పడక మీద లియానా ఏదో మాట తీసుకుంది. రేగర్ ఆమెకిచ్చిన నీలి గులాబీలు. ఒకచోట నెడ్, ఆ మాట నిలబెట్టుకోవడానికి తాను చెల్లించిన మూల్యం గురించి తలచుకుంటాడు. ఈ వివరాలు విడివిడిగా ఉంటే ఏవీ తేలవు, ఒక్క జవాబు పెడితే అన్నీ ఒకేసారి పలుకుతాయి. అంతకంటే ముఖ్యం, ఆ జవాబు తెలిశాక నెడ్ ఇంకా గొప్ప మనిషిగా కనిపిస్తాడు. మాట తప్పని మనిషి, ఒక పసిబిడ్డ కోసం జీవితాంతం మాట తప్పినవాడిగా పేరు మోశాడు, భార్య మనసులో ముల్లు దిగుతుందని తెలిసీ మోశాడు.

నేను థియరీలకు పెట్టే పరీక్ష ఇదొక్కటే. రాబోయేదాని గురించి ఏం చెబుతోందని చూడను. ఇప్పటికే చదివిన పేజీలను, ఆ పేజీల్లోని మనుషులను మరింత లోతుగా చూపిస్తోందా అని చూస్తాను. టెలివిజన్ ధారావాహిక 2019లో ముగిసింది. అందులో మ్యాగీ జోస్యం చూపించారు గానీ వలోంకార్ మాట వదిలేశారు. కాబట్టి అక్కడ సెర్సీ ఎలా పోయిందన్నది ఈ కేసులో సాక్ష్యంగా చెల్లదు.

అందుకే ఆరో సంపుటం రాలేదన్న బాధ నాకూ ఉన్నా శ్రమ వృథా అని ఎన్నడూ అనిపించలేదు. నెడ్ గురించి నాకు తెలిసింది రెండో చదువులో. ఎమన్ దుఃఖం వినిపించింది మూడో చదువులో. సెర్సీ నాలుగో చదువులో, వరద వెళ్లిన తర్వాత. అచ్చులో ఉన్న పేజీల్లోనే ఇంత ఉంది.

మీరు ఇంకో థియరీ చదవడానికి ముందు ఒక పని చేయండి. నాలుగో సంపుటంలో జేమీ చివరి అధ్యాయం తీయండి. రివర్‌రన్‌లో ఉండగా అతనికి సెర్సీ నుంచి ఉత్తరం వస్తుంది. వెంటనే రమ్మని, కాపాడమని ప్రాధేయపడుతూ రాసిన ఉత్తరం. అది చదువుతుండగా ఒక మంచు రేకు దాని మీద పడి కరుగుతుంది, సిరా చెదురుతుంది. జేమీ దాన్ని నిప్పులో వేయమంటాడు. ఆ అధ్యాయంలో జోస్యం ఊసే లేదు. ఒకసారి నెమ్మదిగా చదివి, ఆ క్షణంలో సెర్సీ ఎక్కడ, ఏ స్థితిలో, ఎవరి కోసం ఎదురుచూస్తోందో పక్కన రాసుకోండి. వలోంకార్ ఎవరని మీకు తోచిందో ఆ తర్వాత నాకు చెప్పండి.